నిజాంపేట–బాచుపల్లి ఫ్లాట్ల అద్దెలు: తెగని వాదం, తేలని లెక్క

హైదరాబాద్ వాయవ్య శివార్లలో అద్దెల మాట ఎత్తితే నాలుగు వైపుల నుంచి నాలుగు రకాల ఫిర్యాదులు వినిపిస్తాయి. అద్దెకుండేవారు జీతం కన్నా అద్దె వేగంగా పెరుగుతోందంటారు. ఇంటి ఓనర్లు బ్యాంకు వాయిదాలో సగం కూడా రావడం లేదంటారు. బిల్డర్లు అమ్ముడుపోని ఫ్లాట్లు చూపిస్తారు. ఇల్లు వెతుక్కునేవారు సాయంత్రం చూసిన ఫ్లాటు తెల్లారేసరికి వేరొకరికి వెళ్ళిపోయిందంటారు. ఒకదాన్ని ఒకటి కాదంటున్నట్టు కనిపించినా ఈ నాలుగూ ఏకకాలంలో నిజమే కావచ్చు. ఒక్కొక్కరు ఒక్కో అంకె పట్టుకుని మాట్లాడుతున్నారు కాబట్టే వాదం ఇంత చిక్కుపడింది.

ఈ సమీక్షకు నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్, మియాపూర్ ప్రాంతాన్ని తీసుకోవడానికి కారణం ఉంది. కోకాపేట, నార్సింగి ఆకాశహర్మ్యాల లోకం వేరు. ఇక్కడ ఐటీ ఉద్యోగి, పిల్లల కాలేజీ కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబం, ఫార్మా ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే కార్మికుడు ఒకే వీధిలో అద్దెకుంటారు. అద్దె వెయ్యి రూపాయలు పెరిగితే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవలసి వచ్చేది ఇలాంటి చోటే.

పంచాయతీ నుంచి కార్పొరేషన్ దాకా

ఈ ప్రాంతపు కథ కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీతో మొదలవుతుంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక కేపీహెచ్‌బీ గదులకు, హాస్టళ్ళకు గిరాకీ పుట్టింది. కాలనీ నిండాక జనం నిజాంపేట రోడ్డు పట్టుకుని లోపలికి జరిగారు. అప్పటికి నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ గ్రామ పంచాయతీలే. రెండు వందల నుంచి నాలుగు వందల గజాల స్థలాల్లో, కింద పార్కింగు, పైన నాలుగైదు అంతస్తులు, అంతస్తుకు రెండు మూడు ఫ్లాట్లతో స్టాండలోన్ అపార్ట్‌మెంట్లు లేచాయి. అనుమతికి మించి అంతస్తు వేసిన భవనాలూ వాటిలో ఉన్నాయి. రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి లైన్లు వాటి వెనకాల నెమ్మదిగా వచ్చాయి. కొన్నిచోట్ల ఇంకా రావలసే ఉంది.

2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మెట్రో మొదలైంది. 2019లో ఈ మూడు పంచాయతీలను కలిపి నిజాంపేట మునిసిపల్ కార్పొరేషన్ చేశారు. మరుసటి ఏడాది కరోనా వచ్చి ఆఫీసులు ఇళ్ళలోకి మారాయి. చాలామంది సొంతూళ్ళకు వెళ్ళిపోయారు, హాస్టళ్ళు మూతపడ్డాయి, గేట్లకు టు-లెట్ బోర్డులు నెలల తరబడి వేలాడాయి. 2022లో ఆఫీసులు తిరిగి పిలవడంతో అద్దెలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఇప్పుడు నడుస్తున్న చర్చ అక్కడి నుంచి వేడెక్కిందే.

అద్దె అంటే ఏ అంకె?

ఇక్కడ కాసేపు ఆగాలి. సగం గొడవకు మూలం ఇదే.

గేటుకు వేలాడే బోర్డు మీద సాధారణంగా కనిపించేది ఇది: ‘టు-లెట్, 2 బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, సెమీ ఫర్నిష్డ్, ఫ్యామిలీస్ ఓన్లీ’, కింద ఫోన్ నంబరు. ఫోన్ చేస్తే చెప్పే అద్దె మొదటి అంకె మాత్రమే. దాని మీద మెయింటెనెన్స్ వేరు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మోటారు కరెంటు అన్నీ అందులోకి వస్తాయి. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ల ఖర్చు పంచుకోవాలి. చేరేటప్పుడు అడ్వాన్సు ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఇది రెండు నెలల అద్దె దగ్గర స్థిరపడింది కాబట్టి, ఏకంగా పది నెలలు అడిగే అలవాటు ఉన్న బెంగళూరుతో పోలిస్తే ఊరటే. బ్రోకరు కమీషన్, కొన్ని అసోసియేషన్లు వసూలు చేసే షిఫ్టింగ్ చార్జీ, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత ఉండనే ఉంటాయి. పన్నెండు వందల చదరపు అడుగులు అని చెప్పే ఫ్లాటులో మెట్లు, కారిడార్, లిఫ్టు వాటా కూడా కలిసే ఉంటుంది. 2016 రెరా చట్టం వచ్చాక అమ్మకాల్లో కార్పెట్ ఏరియా చెప్పాల్సిందే, అద్దెల్లో ఆ అలవాటు ఇంకా రాలేదు. కాబట్టి రెండు ఇళ్ళ అద్దెలను చదరపు అడుగు లెక్కన పోల్చడం చాలాసార్లు అర్థం లేని పని.

అద్దె అంకెల్లో మూడు రకాలున్నాయి. ప్రకటనల్లో అడిగేది ఒకటి. బేరమాడి కుదుర్చుకునేది రెండోది. నాలుగైదేళ్ళుగా ఉంటున్నవారు ఏటా ఐదు, పది శాతం పెంచుతూ కడుతున్నది మూడోది. వెబ్‌సైట్లు, ప్రాపర్టీ కన్సల్టెన్సీలు ప్రధానంగా మొదటి రకాన్ని లెక్కిస్తాయి. 2012 ఆధారంగా సాగిన వినియోగదారుల ధరల సూచీ ఎంపిక చేసిన ఇళ్ళనే ఆరు నెలలకొకసారి తిరిగి అడిగేది కాబట్టి అందులో మూడో రకానిదే పెద్దపీట. పైగా ప్రభుత్వ క్వార్టర్లు కూడా అందులో కలిశాయన్న విమర్శ ఉండేది. ఆ సూచీలో పట్టణాల వరకు ఇంటి అద్దె వాటా 21.67 శాతం. దేశవ్యాప్తంగా 2024లో ఆ సూచీ ప్రకారం అద్దెల పెరుగుదల 3 శాతం దగ్గరే తిరిగింది. అదే ఏడాది ఐటీ నగరాల ప్రకటనల్లో కనిపించిన పెరుగుదల అంతకు ఎంతో ఎక్కువ. ప్రభుత్వ లెక్క అబద్ధమని ఒకరు, వెబ్‌సైట్లు భయపెడుతున్నాయని ఇంకొకరు వాదించుకుంటున్నారు. ఉన్నచోటే ఉన్నవాడి అనుభవాన్ని ఒకటి చెబుతోంది, కొత్తగా ఇల్లు వెతికేవాడి అనుభవాన్ని మరొకటి చెబుతోంది. రెండూ అబద్ధం కావు.

కాలం కూడా అంకెను మారుస్తుంది. పరీక్షలయ్యాక మే, జూన్‌లలో ఇళ్ళు మారేవారి రద్దీ. ఆషాఢం, పుష్యం వస్తే ఇల్లు మారడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు, బేరం కాస్త అద్దెకొచ్చేవారి వైపు మొగ్గుతుంది. అదే భవనంలో, అదే అంతస్తులో దక్షిణం వాకిలి ఫ్లాటు తూర్పు వాకిలి ఫ్లాటు కన్నా తక్కువకు పోవడం ఇక్కడ మామూలు విషయం. ఏ నెలలో, ఏ వాకిలి ఇంటిని లెక్కించారన్నది చెప్పని సగటుతో పెద్ద నిర్ణయాలకు రాకూడదు.

ఉద్యోగాలే కారణమనేవారు

అన్నిటికన్నా గట్టిగా వినిపించే వాదం ఇది. కరోనా కాలం దీనికి దాదాపు ఒక ప్రయోగంలా పనికొచ్చింది. ఇళ్ళు అవే, రోడ్లు అవే. ఆఫీసులు మూతపడ్డప్పుడు అద్దెలు తగ్గాయి, తెరిచినప్పుడు పెరిగాయి. ఇంతకన్నా బలమైన రుజువు దొరకడం కష్టం.

అయితే ఈ వాదం వీధిలోకి దిగేసరికి కొంత పలచబడుతుంది. బాచుపల్లిలో ఫార్మా యూనిట్లున్నాయి, ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, నిజాంపేట చుట్టూ ఇంటర్ కాలేజీల క్యాంపస్‌లున్నాయి. పిల్లవాడి రెండేళ్ళ చదువు కోసం గుంటూరు నుంచో భీమవరం నుంచో వచ్చి ఇల్లు తీసుకునే కుటుంబానికి హైటెక్ సిటీ నియామకాలతో పని లేదు. మెట్రో ప్రభావం కూడా అనుకున్నంత సూటిగా లేదు. మియాపూర్‌లో ఎక్కి హైటెక్ సిటీకి వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా వెళ్ళి రైలు మారి వెనక్కి రావాలి. అందుకే ఇక్కడి ఉద్యోగుల్లో చాలామంది జేఎన్‌టీయూ మీదుగా బండి మీదే వెళ్తారు. 2022 జూన్‌లో కైతలాపూర్ వంతెన తెరిచాక కూకట్‌పల్లి వైపు నుంచి ఆ దూరం ఇంకొంత తగ్గింది. ఆఫీసుకు చేరే సమయంలో ఆదా అయ్యే పావుగంటకు అద్దెలో ధర పడుతుంది. ప్రజల డబ్బుతో వేసిన వంతెన వల్ల వచ్చిన ఆ లాభం ఇంటి ఓనరు అద్దెలోకి, అంతకన్నా ఎక్కువగా స్థలం విలువలోకి వెళ్తుంది. 1879లో హెన్రీ జార్జ్ ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’లో లేవనెత్తిన ప్రశ్న ఇదే. మన నగరాల్లో దానికి జవాబు చెప్పే పన్ను విధానం ఇంకా రాలేదు.

ఇంకా కట్టండి అనేవారు

అద్దె తగ్గాలంటే ఇళ్ళు పెరగాలన్నది వీరి మాట. హైదరాబాద్ వీరికి ఇష్టమైన ఉదాహరణ. 2012లో వచ్చిన జీవో 168 భవన నియమాల్లో, ముంబైలో మాదిరిగా స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టే ఎత్తు. ముంబైతో పోలిస్తే ఇక్కడ మధ్యతరగతికి ఇంకా రెండు పడకగదుల ఇల్లు అద్దెకు అందుతోందంటే ఆ వెసులుబాటు ఒక ముఖ్య కారణమన్న మాట కొట్టిపారేయలేం.

కానీ ఎన్ని కడుతున్నారన్నది ఒక ప్రశ్న, ఎవరి కోసం కడుతున్నారన్నది ఇంకో ప్రశ్న. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ వేలం ఎకరాకు అత్యధికంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ ధర పెట్టి కొన్న స్థలంలో తొమ్మిది వందల అడుగుల ఫ్లాటు కట్టరు. స్థలాల ధరలు అలా పాకేకొద్దీ పశ్చిమ శివార్లలో కొత్త ప్రాజెక్టులు పెద్ద మూడు పడకగదుల ఇళ్ళ వైపు మొగ్గాయి. పైవాళ్ళు అక్కడికి మారితే నిజాంపేటలో వాళ్ళ పాత ఫ్లాట్లు ఖాళీ అయి కిందివారికి అందుతాయన్నది దీనికి సరఫరావాదుల సమాధానం. అందులో నిజం ఉంది, అయితే ఆ మార్పిడికి ఏళ్ళు పడుతుంది. వచ్చే జూన్‌లో ఇల్లు కావలసినవారికి అది అక్కరకు రాదు.

జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111ను పక్కనపెట్టడం కూడా సరఫరా పేరుతోనే సమర్థించుకున్నారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎదురుచూసే నగరం తన చెరువుల పరీవాహకాన్ని ఫ్లాట్లకు ఇవ్వడం తప్పు. నీళ్ళు లేని ఫ్లాటును సరఫరా కింద లెక్కించకూడదు.

ప్రభుత్వం తానే కట్టిన చరిత్ర కూడా పెద్దగా ధైర్యం ఇవ్వదు. రాజీవ్ స్వగృహ కింద బండ్లగూడ, పోచారంలలో మొదలైన టవర్లు ఏళ్ళ తరబడి మొండిగోడలతో నిలిచిపోయి, 2022లో అమ్మకానికి వచ్చాయి. అద్దెకివ్వడం కోసమే ప్రభుత్వం ఇళ్ళు కట్టి నడపడం అన్నది ఇక్కడ గట్టిగా ప్రయత్నించిందే లేదు. 2020లో కేంద్రం ప్రకటించిన అద్దె గృహ సముదాయాల పథకం ప్రధానంగా వలస కార్మికుల కోసం ఉద్దేశించినది.

తాళం వేసిన ఫ్లాట్లు

మూడో వర్గం పెట్టుబడి వైపు చూపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో దాదాపు 1.11 కోట్ల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. అదే లెక్కలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్ళలో ఉన్నాయి. ఇళ్ళ కొరత, ఖాళీ ఇళ్ళు పక్కపక్కనే ఉండటానికి కారణం అద్దె రాబడిలో కనిపిస్తుంది.

ఉదాహరణకు 80 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేల అద్దె వస్తే ఏడాదికి 2.4 లక్షలు, అంటే మూడు శాతం. అందులో 64 లక్షలు ఇరవై ఏళ్ళకు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి అప్పు తెచ్చినదైతే నెల వాయిదా 55 వేలు దాటుతుంది. వాయిదాలో సగం కూడా రావడం లేదన్న ఓనరు మాట అక్షరాలా నిజం. అయితే ఆ ఫ్లాటు కొన్నది అద్దె కోసం కాదు, రేటు పెరుగుతుందన్న ఆశతో. ఆ ఆశకు కట్టిన వడ్డీని అద్దెకున్నవారి నుంచి రాబట్టుకోవాలనడంలో న్యాయం లేదు. అద్దె జీతంతో పోలిస్తే ఎక్కువగా, ఇంటి ధరతో పోలిస్తే తక్కువగా ఉండటం ఒకే నాణేనికి రెండు ముఖాలు. ఇంటి ధరలు ఆదాయాలకు అందనంత ఎత్తుకు పోయాయన్నదే దాని అర్థం.

రాబడి మూడు శాతమే అయినప్పుడు కొందరికి తాళం వేసి ఉంచడమే నయమనిపిస్తుంది. అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాటు కొన్నవారికి అద్దెకున్నవారు ఖాళీ చేయరేమో, గోడలు పాడు చేస్తారేమో, తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరగాలేమో అన్న భయం ఉంటుంది. ఇలాంటి తాళాలు ఈ వీధుల్లో ఎన్ని ఉన్నాయో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఖాళీ ఇళ్ళ వాదానికి బలహీనత అక్కడే ఉంది.

చట్టం ఏం చేసింది, ఏం చేయలేదు

హైదరాబాద్‌కు 1954లో ఒక అద్దె నియంత్రణ చట్టం ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో ఉమ్మడి చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె నిర్ణయించడం, సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకుండా చూడడం దాని పని. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నిటికీ అందులో మినహాయింపు ఉండేది. కాలపరిమితి లేని ఆ మినహాయింపును మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత వేరే రూపంలో మినహాయింపులు తిరిగొచ్చాయి. 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు మించిన అద్దె ఇళ్ళు చట్టం బయటకు వెళ్ళాయి. ఈనాడు నిజాంపేటలో ఏ ఫ్లాటు 3,500లోపు ఉంటుంది? అద్దె నియంత్రణ వల్లే ఇళ్ళు దొరకడం లేదనే వాదం హైదరాబాద్ శివార్ల విషయంలో చెల్లదు. ఇక్కడి ఫ్లాట్ల అద్దెలు నిజానికి ఏ నియంత్రణా లేని అద్దెలు. వివాదం వస్తే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సివిల్ కోర్టు దిక్కు.

నియంత్రణ మంచిదా చెడ్డదా అన్న వాదానికి వేరే చోట్ల అనుభవం చాలా ఉంది. ముంబైలో దశాబ్దాల పాటు అద్దెలను పాత స్థాయిలోనే కట్టిపడేసిన నిబంధనలు ఇక సమంజసం కావని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. మరమ్మతులకు కూడా చాలని అద్దెలతో అక్కడి పాత భవనాలు శిథిలమయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో నియంత్రణపై 2019లో డైమండ్, మెక్‌వేడ్, చియాన్ ప్రచురించిన అధ్యయనం రెండు వైపులా వాడుకోదగినది: నియంత్రణ వల్ల అద్దెకున్నవారు తమ ఇళ్ళలో ఎక్కువ కాలం నిలవగలిగారు, కానీ ఆ ఓనర్లు అద్దెకిచ్చే ఇళ్ళను 15 శాతం తగ్గించారు, నగరం మొత్తంలో అద్దెలు 5 శాతం దాకా పెరిగాయి. బెర్లిన్ 2020లో తెచ్చిన అద్దె పరిమితిని మరుసటి ఏడాదే జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అద్దెకు గట్టి సీలింగు వేయాలన్న కోరిక అర్థం చేసుకోదగినదే, అనుభవం మాత్రం దానికి అనుకూలంగా లేదు.

2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ మధ్యేమార్గం పట్టింది. అద్దె ఎంతన్నది ఇద్దరి ఇష్టం. కానీ రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు చెప్పాలి, ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు తెలపాలి. గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు కట్టాలి. వివాదాలకు ప్రత్యేక అధికారి, కోర్టు, ట్రిబ్యునల్. ఇది రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి ఎవరికి వారు చేసుకోవాలి. ఈ తరహా చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2017లోనే చేసుకుంది. తెలంగాణకు ఉమ్మడి రాష్ట్రపు 1960 చట్టమే వారసత్వంగా వచ్చింది.

ఇల్లు ఎవరికి ఇస్తారు?

ధర గురించిన వాదనలన్నీ వదిలేసే సంగతి ఒకటుంది. ‘ఫ్యామిలీస్ ఓన్లీ’, ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న షరతులు అద్దెను నేరుగా పెంచుతాయి, ఎందుకంటే కొందరికి అందుబాటులో ఉన్న ఇళ్ళ సంఖ్యను అవి తగ్గిస్తాయి. పెళ్ళికాని యువతీయువకులు, ఒంటరి తల్లులు, ముస్లింలు, దళితులు మార్కెట్ రేటు కట్టడానికి సిద్ధపడి కూడా ఇల్లు దొరక్క అంతకన్నా ఎక్కువ కట్టవలసి వస్తుంది, లేదా దూరం జరగవలసి వస్తుంది. ఢిల్లీ ప్రాంతంలో సౌగతో దత్తా, విక్రమ్ పఠానియా జరిపి 2016లో వెలువరించిన అధ్యయనంలో, ఒకే రకం విన్నపాలకు ముస్లిం పేర్లున్నవారికి ఓనర్ల నుంచి తిరిగి ఫోన్లు తక్కువగా వచ్చాయి. మోడల్ చట్టంలో ఈ వివక్షకు మందు లేదు. అది ఆ చట్టంలోని పెద్ద లోటు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఉద్యోగాల వాదం హెచ్చుతగ్గులను బాగా వివరిస్తుంది, కానీ ఏం చేయాలో చెప్పదు. సరఫరా వాదం దీర్ఘకాలానికి సరైనది, ఏ సైజు ఇళ్ళు అన్న ప్రశ్న దగ్గర తడబడుతుంది. ఖాళీ ఇళ్ళ వాదం దారి చూపుతుంది, దాని చేతిలో లెక్కలు లేవు. నియంత్రణ వాదానికి నైతిక బలం ఉంది, అనుభవం ఎదురు తిరిగింది. మోడల్ చట్టం ఓనరు భయాన్ని తగ్గిస్తే తాళాలు తెరుచుకుంటాయన్న నమ్మకం మీద నిలిచింది. ఈ అయిదింటిలో మొదట పరీక్షించి చూడదగినది ఈ చివరిదే. ఖర్చు తక్కువ, నష్టపోయేవారు లేరు.

ఇంకా తేలనివి

 ఇక్కడ అద్దె ఒప్పందాలను రిజిస్టర్ చేయించకుండా స్టాంపు పేపరు మీద పదకొండు నెలల ఒప్పందం రాసుకుని నోటరీతో సరిపెడతారు, చాలామంది అదీ రాసుకోరు. మహారాష్ట్రలో 1999 చట్టంలోని 55వ సెక్షన్ ప్రతి అద్దె ఒప్పందాన్నీ రిజిస్టర్ చేయాలంటుంది, ఆ బాధ్యతను ఓనరు మీద పెడుతుంది. అక్కడ ఏ వార్డులో ఏ అద్దె నడుస్తోందో చెప్పగల కాగితం ఉంటుంది. ఇక్కడ అదే లేదు. అది లేనంతకాలం సగటు అద్దె ఎంత, ఎంత పెరిగింది అన్న ప్రశ్నలకు ప్రకటనల అంకెలే గతి.

2011 లెక్కల నాటికి నిజాంపేట పంచాయతీ. ఇప్పటి పట్టణానికి ఆ అంకెలు పనికిరావు. 2027 జనాభా లెక్కల్లో మొదటి దశ అయిన ఇళ్ళ నమోదును 2026 ఏప్రిల్–సెప్టెంబరు నెలల్లో జరపాలని కేంద్రం నిర్ణయించింది. ఇల్లు సొంతమా, అద్దెదా, ఖాళీగా ఉందా అన్న వివరాలు అందులో నమోదవుతాయి. ఇల్లు అద్దెకిచ్చినవారు పన్ను భయంతో సొంత నివాసమని చెప్పకుండా, అద్దెకున్నవారు ఓనరు మొహం చూసి నోరు మూసుకోకుండా ఆ రోజు ఉన్నది ఉన్నట్టు రాయించాలి. ఆ పట్టికలను వార్డుల వారీగా బయటపెట్టమని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగవలసినది కూడా మనమే.